మూడేళ్లు బాగానే ఉన్నాక లిథియం ఆపొచ్చా?

ఉప్పల్ అన్న:
మా తమ్మునికి 27 ఏండ్లు. మూడేండ్ల కింద నాలుగు రాత్రులు కన్ను మూయలె. దోస్తుల దగ్గర అప్పు తెచ్చి ఒక్క రోజే ఆరు సెల్‌ఫోన్లు కొన్నడు, అడిగితే మీదికొచ్చుడు. డాక్టర్ బైపోలార్ అన్నరు, అంటే మనసు ఒకపారి మస్తు జోరుమీదికొచ్చి ఇంకోపారి కుంగిపోయే జబ్బు. దానికి లిథియం గోలీలు మొదలుపెట్టిన్రు. ఇప్పుడు రాత్రికి 900 మిల్లీగ్రాములు. నౌకరీ చేస్తుండు, మంచిగున్నడు. సంబంధాలు వస్తున్నయి, పెళ్లిచూపులకు ముందే గోలీలు బంద్ చేయించమంటది అమ్మ. "ఎర్రగడ్డ కేసు" అంటరని ఆమె భయం. వాడు గూడ "నాకిప్పుడు ఏం లేదు గదా అన్నా" అంటుండు. ఆపొచ్చా?

రామంతాపూర్ వాసి:
ఆపించేయండి. జ్వరం తగ్గాక ఎవరైనా మందు మింగుతారా? లిథియం అంటే బ్యాటరీల్లో వేసే లోహం, దాన్ని ఏళ్ల తరబడి ఒంట్లోకి పంపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. వేళకు నిద్ర, వేళకు తిండి, పొద్దున్నే ప్రాణాయామం చాలు. మా బంధువుల అబ్బాయి మానేసి ఎనిమిది నెలలైంది, నిక్షేపంలా ఉన్నాడు.

మగ్గం పని అక్క:
అన్నా, నాకూ బైపోలార్ ఉంది. పదకొండేళ్లుగా లిథియం వాడుతున్నాను. మధ్యలో ఒక్కసారి మానేశాను, ఆ సంగతి చెప్తాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మగ్గం వర్క్ చేస్తాను. ఆరీ సూది కొసన చిన్న కొక్కెం ఉంటుంది, గుడ్డ కింద ఉన్న దారాన్ని దాంతో పట్టి పైకి లాగాలి. చెయ్యి వెంట్రుకవాసి జరిగినా కొక్కెం పట్టుగుడ్డకి తగులుకుని పోగు లేస్తుంది. లిథియంతో నా వేళ్లు వణికేవి. ఒక పెళ్లికూతురి బ్లౌజు మెడ దగ్గర మూడుచోట్ల పోగులు లేచాయి, గుడ్డ డబ్బులు నేనే కట్టుకున్నాను. ఆ రాత్రే గోలీలు మానేశాను. ఎవరికీ చెప్పలేదు. రెండు వారాలకు చెయ్యి నిలబడింది, ఏడ్చేంత సంతోషం. ఐదో వారానికి నిద్ర రెండు గంటలకొచ్చింది, అయినా అలసట లేదు. తెల్లవార్లూ కుట్టడం, కుట్టింది విప్పేసి మళ్లీ కుట్టడం. ఏడో వారంలో మా ఆయన ఆస్పత్రిలో చేర్పించాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. "వణుకుతోందని నాకు చెప్పాల్సింది కదమ్మా" అంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మోతాదు తగ్గించింది. అంతకుముందు రక్తపరీక్షలో లిథియం 0.9 ఉండేది, 0.6 దగ్గర నిలబెట్టింది. వణుకు సగానికి సగం పోయింది. పని ఒత్తిడి ఉన్న రోజులకు వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ రాసింది.

రామంతాపూర్ గారూ, వేళకు నిద్ర మాట నిజం, నేనూ పదింటికల్లా పడుకుంటాను. కానీ ఈ జబ్బు తిరగబెట్టే జబ్బు. రాబోయేదాన్ని అడ్డుకోవడానికే ఇన్నేళ్లు వేయిస్తారు. గోలీలో ఉండేది లిథియం కార్బొనేట్, ఒక లవణం. మనం కూరలో వేసే ఉప్పులోని సోడియం కూడా లోహమే, విడిగా నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని 1949లోనే రాశాడు. ఈ జబ్బున్నవాళ్లలో ఆత్మహత్యలు తగ్గించే మందుగా దీనికి గట్టి ఆధారాలున్నాయి. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది అదే.

టక్కున ఆపితే తొలి నెలల్లోనే తిరగబెట్టే ప్రమాదం బాగా ఎక్కువ. ఎనిమిది నెలలు చూసి ఆ అబ్బాయికి నయమైందని నేనైతే అనను. నిజంగా ఆపాల్సి వస్తే డాక్టరే కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు పట్టి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

ఇక పెళ్లి సంగతి. దాచొద్దన్నా. నేను ముందే చెప్పాను. రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడో అతను "ఊరెళ్లినప్పుడు ఆ గోలీలు అయిపోతే అక్కడ దొరుకుతాయా?" అని అడిగాడు. ఆయన్నే చేసుకున్నాను.

నాగోల్ కొడుకు:
అక్కా, మీ మాట కాదనను. కానీ మా నాన్న 18 ఏళ్లు లిథియం వేసుకున్నారు. చూపించిన క్లినిక్‌లో చివరి నాలుగేళ్లు ఒక్క రక్తపరీక్ష లేదు, పాత చీటీయే మళ్లీ మళ్లీ. కాళ్లు వాచాక చూస్తే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9కి పెరిగింది. కిడ్నీ డాక్టర్ చెప్తే లిథియం ఆపి, ఇదే జబ్బుకు వాడే వాల్ప్రోయేట్ అనే ఇంకో మందు పెట్టారు. మానొద్దని చెప్పేవాళ్లు పరీక్షల మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

మగ్గం పని అక్క:
మీ కోపం న్యాయమైంది. అది ముందే రాయాల్సింది, నాదే తప్పు. ఆరు నెలలకోసారి లిథియం, క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం చూపించుకోవాలి. నాకు లిథియం మొదలుపెట్టిన ఆరో ఏట థైరాయిడ్ గ్రంథి పనితీరు తగ్గింది, రోజూ థైరాక్సిన్ వేసుకుంటున్నాను.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త. ఒంట్లో నీళ్లు తగ్గితే లిథియం రక్తంలో పేరుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలతోనూ అంతే, నేను పారాసిటమాల్‌తో సరిపెట్టుకుంటాను. బీపీ మందు రాసే డాక్టరుకి కూడా లిథియం సంగతి చెప్పాలి. వాంతులు, విరేచనాలు, పెద్దగా వణుకు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే తర్వాతి గోలీ వెయ్యకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

వాల్ప్రోయేట్ మీ నాన్నగారికి పడింది, సంతోషం. చదివే ఆడపిల్లల కోసం ఒక్క మాట: కడుపుతో ఉండగా అది వేసుకుంటే పుట్టే పిల్లల్లో సుమారు 10 మందిలో ఒకరికి అవయవ లోపాలు వస్తాయి. పెళ్లీడు అమ్మాయికి అది రాస్తే ఈ మాట తప్పకుండా అడగండి. భయపడి సొంతంగా మాత్రం ఆపొద్దు.

ఉప్పల్ అన్న:
అక్కా, అమ్మకు అంత చదివి వినిపించిన. ఏం మాట్లాడలె, శానాసేపటికి "వాణ్నే అడుగు" అన్నది. అడిగిన. పోయిన మేల మోకాలు నొప్పని మెడికల్ షాపుల డైక్లోఫెనాక్ కొనుక్కొని వారం వేసుకున్నడంట, నాకు తెల్వనే తెల్వదు. రక్తపరీక్ష అయి ఏడాదిన్నర. రేపు తీస్కపోత. రాత్రి తొమ్మిదింటికి గోలీ వేస్కుంటడు, పొద్దుగాల ఎన్నింటికి రక్తమియ్యాలె?

మగ్గం పని అక్క:
తొమ్మిదింటికి. గోలీ వేసుకున్నాక 12 గంటలు నిండాలి, ముందే ఇస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. రిపోర్టు రాగానే తమ్ముడి చేతికే ఇవ్వన్నా, ముందు తనే చదువుకోనీ.