ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

సందేహం: నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో జీడి, కొబ్బరి తోటల మీద బతికే ఊరు. మా పక్కన రాబోయే పరిశ్రమపై వచ్చే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందని పత్రికలో ప్రకటన వచ్చింది. ఇదివరకు ఇలాంటి సభకే వెళ్లి, గంటన్నర నిలబడి, ఒక్క మాటా అడగలేక తిరిగి వచ్చాను. ఈసారి ఏం చేయాలి?

సమాధానం: బాబూ, ముందు ఆ పరిశ్రమ వల్ల పర్యావరణంపై పడే ప్రభావం గురించి తయారుచేసిన నివేదిక చదవండి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ వ్యవధిలో ముసాయిదా నివేదికను, తెలుగు సారాంశాన్ని కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కార్యాలయం వంటి చోట్ల ఎవరైనా చూసుకునేలా ఉంచాలి. అందులో మీ ఊరి నేలను ఏమని రాశారో, చెరువులు, గెడ్డలు ఎన్నని చూపారో మీ కళ్లతో సరిచూసుకోండి. సోంపేట బీలను గుర్తు చేసుకోండి: అది నీరు నిలిచే చిత్తడి నేల అన్న విషయమే 2010లో అక్కడి థర్మల్ కేంద్రం అనుమతి రద్దు కావడంలో కీలకమైంది. ఆ పోరాటంలో ప్రాణాలు పోయాయి కూడా. నేల గురించి కాగితంలో ఉన్న ఒక్క తప్పును పేజీ సంఖ్యతో సహా చూపించగలిగితే, అది పది నినాదాల కన్నా బలంగా నిలుస్తుందని నా నమ్మకం.

సభకు జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. హాజరైన ప్రతి ఒక్కరికీ ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి.

సందేహం: మా అమ్మకు చదువు రాదు. ఆవిడ మాట రికార్డులోకి ఎక్కుతుందా అండీ?

సమాధానం: తప్పకుండా ఎక్కాలి. సభ మొత్తాన్ని వీడియో తీయాలన్నది నిబంధన. ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది, చాలామంది భోజనం వేళకు లేచి వెళ్లిపోయి దాన్నే పోగొట్టుకుంటున్నారు. సభ చివర, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు అధ్యక్షులు సంతకం చేయాలి. అమ్మగారి మాట అందులో లేకపోతే అక్కడే లేచి, చేర్చమని అడగాలి.

సందేహం: మా తోట ప్రకటనలో ఉన్న ఊళ్లో లేదు, కానీ నీళ్లు అటునుంచే వస్తాయి.

సమాధానం: ఆ నీటి సంగతి వివరిస్తూ కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపి, ముట్టినట్లు రసీదు తీసుకోండి. సభా వివరాలను తర్వాత పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించాలి కనుక, మీ కాగితం నకలును వాటితో పోల్చి చూసుకోవచ్చు.