సమస్యాపూరణం: “పుంజు గ్రుడ్డు పెట్టెఁ బూలనీడ”

వేపకొమ్మ (నిర్వాహకుడు):
పొద్దున్నే కోళ్లగూటి తలుపు తీస్తుంటే ఈ పాదం నోట పలికింది. ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించి, పుంజు గుడ్డు ఎలా పెడుతుందో మీరే చెప్పండి. విషయం మాత్రం పెరటి గూటి అలంకారమే కావాలి. పూలనీడ ఎటూ ఉంది.

పుంజు గ్రుడ్డు పెట్టెఁ బూలనీడ

గజ్జెలగుర్రం:
సున్నమద్ది గూటి సొగసులు దిద్దఁగఁ
దీగ సాగి వలనుఁ దెచ్చెఁ జలువ;
పెట్ట తెఱకు వెనుక వెడలఁగఁ దాఁ గూసెఁ
బుంజు, గ్రుడ్డు పెట్టెఁ బూలనీడ.

కలంపోటు:
విరుపు, అంటే మాటలను వేరుగా విడదీసి అర్థం కుదర్చడం, బాగుంది అన్నగారూ. మీరు విరుపు తప్ప మరో దారి తొక్కడం నేనింతవరకు చూడలేదు. మూడో పాదంలో “దాఁ” ఎవరికోసం? గణానికి గురువు కావలసి వచ్చి కూర్చుంది. దాన్ని తీసి చదవండి, అర్థంలో వెలితి ఏమైనా కనిపిస్తుందేమో.

పెరటిచూపు:
“దాఁ” సంగతి మీరు చూసుకోండి. నాకు సున్నం నచ్చింది. సున్నం తెల్లగా కనబడటానికే కాదు, చెక్క పగుళ్లను పూడుస్తుంది. పగలంతా ఆ పగుళ్లలో దాగి, రాత్రి కోళ్ల రక్తం తాగే ఎర్రపురుగులకు చోటు లేకుండా పోతుంది. పూర్తిగా ఆరాకే కోళ్లను లోపలికి వదలాలి. తెర కూడా ఊరికే పెట్టిన సొగసు కాదు. పెట్టకు గుడ్డు పెట్టే వేళ చీకటి, చాటు కావాలి.

తీగ మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది అన్నయ్యగారూ. వలనంతా కప్పేస్తే గాలి ఆడదు, రెట్ట ఘాటు లోపలే నిలిచిపోతుంది. ఎండ కొట్టే వైపు ఒక్కటే పాకించాలి. చూరు కింది గాలికన్నాల దాకా పోనివ్వకూడదు.

గజ్జెలగుర్రం:
తీగ ఒక వైపేనమ్మా, పద్యంలో చోటు చాల్లేదు. “దాఁ” పూరకమే, ఒప్పుకుంటున్నాను. కలంపోటు గారి పూరణ చూడాలని ఉంది.

కలంపోటు:
ఇదిగో. విరుపు లేదు.

గట్టి వలనుఁ గట్టి గన్నేరు లలరింపఁ
బాతచెక్కఁ గొత్త వన్నె లద్ది
నిలుప రేయిఁబవలు నెమ్మినిఁ గాపాడెఁ
బుంజు గ్రుడ్డుపెట్టెఁ బూలనీడ.

వేపకొమ్మ:
ఆహా! “పెట్టె” క్రియ కాదు, గుడ్లపెట్టె! పుంజు దాన్ని కాపాడింది. ద్వితీయ గనక “పెట్టెఁ” మీద అరసున్న కూడా చెక్కు చెదరలేదు. ఈ పాదం ఇచ్చినప్పుడు నాకే తోచని అర్థం ఇది. “గట్టి వలనుఁ గట్టి” అన్నది మరీ ముచ్చటగా ఉంది.

పెరటిచూపు:
వల గట్టిదే కావాలి. మామూలు ఆరుకోణాల కోళ్లవల కోడిని లోపల ఆపుతుందే గాని బయటి పంజాను ఆపదు. అర అంగుళం కన్నాల ఇనుపవల కొట్టాలి. కాని గన్నేరేమిటండీ! ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. కోడి ముందు పొడిచి చూసి తరువాత ఆలోచిస్తుంది.

కలంపోటు:
యతికి, అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ జతపడే అక్షరానికి, గకారం కావాలి గదమ్మా.

గజ్జెలగుర్రం:
యతి కోసం కోళ్లకు విషం పెడతామా తమ్ముడూ? నా “దాఁ” ఏ కోడినీ చంపలేదు. “మంచి వలనుఁ గట్టి మందార లలరింప” అనండి. మందారం కోళ్లు తిన్నా ఏమీ కాదు.

కలంపోటు:
మందారము, మందారములు. “మందారలు” ఏ వ్యాకరణం? పైగా గట్టి, గట్టి అన్న జోడు పోయింది. ఆ జోడు కోసమే నేను రాత్రంతా కూర్చున్నాను.

రెండు నెలల కిందట మీరు గూట్లో అద్దం వేలాడదీసి రాసిన పాదం అందరికీ గుర్తుంది:

అద్దమందుఁ జూచి యలరెఁ బుంజు

పుంజు అద్దంలో తన నీడ చూసి అలరుతుందా? వేరే పుంజనుకొని మీద పడుతుంది. ముక్కు పగిలేదాకా పొడుస్తుంది. ఆనాడు నేనేమీ అనలేదు.

పెరటిచూపు:
ఆ పాదంలో “యలిగెఁ బుంజు” అంటే సరిపోయేది. గణం అదే, యతి అదే, పుంజు నిజంగా చేసేదీ అదే.

గజ్జెలగుర్రం:
యలిగెఁ! రెండు నెలలుగా ఆ పాదం నన్ను బాధిస్తోంది. మార్చేశాను తల్లీ. అద్దం కూడా తీసేశాను.

కొత్తచిగురు:
నమస్కారం. నా మొదటి ప్రయత్నం. మూడో పాదం ఒక్కటే కుదిరినట్టుంది, చూడగలరు.
“రంగురంగు దారాలు తెరకు వేలాడ”

వేపకొమ్మ:
రంగు, రంగు బాగున్నాయి. మూడోది “దారా” రెండు గురువులు, ఆటవెలదిలో అక్కడ రావలసిన సూర్యగణం (“రంగు” లాంటి గురులఘువు గాని, మూడు లఘువులు గాని) కాదు. ఇంకొకటి, ఆ దారాలు పద్యం నుంచే కాదు, గూటినుంచీ పోవాలి. వేలాడే దారాన్ని కోడి పురుగనుకొని మింగుతుంది. గొంతుకింది మేతసంచిలో అది చుట్ట చుట్టుకుని అడ్డం పడితే బతకడం కష్టం. తెరకు అంచు కుట్టాలి. నడుమ నిలువు చీలిక ఉంటే పెట్ట దూరిపోతుంది.

కొత్తచిగురు:
“రంగుబట్టయంచు రవ్వంత మడిచితి”
నిజంగానే మడిచి కుట్టాను గురువుగారూ.

వేపకొమ్మ:
నిర్దోషం. మిగతా మూడు పాదాలు రాయండి.

పెరటిచూపు:
నా పూరణ. గూటితలుపు బయటివైపు నా మనవరాలు సీసం లేని రంగులతో బొమ్మలు వేసింది.

చిన్నదాని కుంచె చిత్రించె ముచ్చట
గూటితలుపు మీఁదఁ గొత్త జగము;
చేప చెట్టునెక్కెఁ జెంగున, మఱియందుఁ
బుంజు గ్రుడ్డు పెట్టెఁ బూలనీడ.

వేపకొమ్మ:
పుంజు పుంజే, గుడ్డు గుడ్డే, పెట్టడం పెట్టడమే! ఒక్క మాట విరవకుండా సమస్య తీరిపోయింది. చేప చెట్టెక్కిన చోట పుంజు గుడ్డు పెడితే ఎవరు కాదంటారు! ఈ వారం నా ఓటు దీనికే.

గజ్జెలగుర్రం:
నాదీ. విరుపు అవసరమే రాలేదు.

మంచుబిందువు:
ఆలస్యంగా వచ్చాను. గన్నేరు తగవు ఇంకా తేలలేదా? “గట్టి వలనుఁ గట్టి కనకాంబరము లుండ” అనండి. గ, క యతి చెల్లుతుంది, జోడూ నిలుస్తుంది. రేయి మాట కూడా మార్చండి. చీకట్లో కోడికి కన్ను ఆనదు, రాత్రి కావలి వలదీ గడియదీ. “నిలుపఁ బవలు విడక” చాలు.

కలంపోటు:
రెండూ తీసుకుంటున్నాను మిత్రమా. గన్నేరు యతికోసం పుట్టింది కాదు. మా గూటి పక్కనే ఉండేది, రోజూ చూస్తూ రాశాను. పెరటిచూపు గారి మాట చదివాక చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పెకలించాను. దాని పొగా విషమే గనక కాల్చలేదు. రాలిన ఆకులు ఒక్కొక్కటే ఏరాను. పద్యంలో కనకాంబరం పెట్టాను. గూటి దగ్గర మాత్రం అన్నగారి మందారం నాటాను.