బెల్ 206 హెలికాప్టర్‌లో ‘బ్యాటరీ హాట్’ (బ్యాటరీ వేడెక్కింది) అనే ఎర్రదీపం వెలిగితే, బ్యాటరీ స్విచ్ ఆపిన తరువాత ఏం చేయాలి?

ప్రశ్న (శిక్షణలో ఉన్న పైలట్):
అందరికీ నమస్కారం. రాబిన్సన్ ఆర్44 హెలికాప్టర్ మీద లైసెన్సు తీసుకుని, ప్రస్తుతం అమెరికాలోని అరిజోనాలో బెల్ 206బి మీద టర్బైన్ శిక్షణ పొందుతున్నాను. ఆర్44లో ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ కావడంతో ఈ హెచ్చరిక దీపంతో నాకు ఇంతవరకు పని పడలేదు. గాలిలో ఉండగా అది వెలిగితే బ్యాటరీ స్విచ్ ఆపాలన్నంతవరకు చదివాను. ఆపితే కరెంటు మొత్తం పోతుందా, కాసేపటికి దీపం ఆరిపోతే మళ్లీ స్విచ్ వేసుకోవచ్చా, ఎంత త్వరగా దిగాలి అనే సందేహాలను పెద్దలు దయచేసి తీర్చగలరు.

సమాధానం (పైలట్):
కరెంటు పోదు. స్విచ్ ఆపినప్పుడు విడిపోయేది బ్యాటరీ ఒక్కటే. జనరేటర్ సుమారు 28 వోల్టుల వద్ద రేడియోకూ మీటర్లకూ కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఇంజన్ కూడా ఆగదు, ఎందుకంటే టర్బైన్ ఒకసారి అంటుకున్న తరువాత దానికి ఇగ్నిషన్‌తో (మంట అంటించే నిప్పురవ్వతో) పనిలేదు.

అసలు ప్రమాదం ఎక్కడుందో తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇందులోని నికెల్ కాడ్మియం సెల్ వేడెక్కేకొద్దీ దాని అంతర్గత నిరోధం తగ్గుతుంది. జనరేటర్ వోల్టేజీ మాత్రం మారదు కాబట్టి బ్యాటరీలోకి మరింత కరెంటు వెళుతుంది, ఆ కరెంటుతో వేడి మరింత పెరుగుతుంది. దీన్నే థర్మల్ రనవే అంటారు. అంటే బ్యాటరీని కాల్చుతున్నది మన జనరేటరే. అందుకే దీపం చూశాక ‘నిజమేనా, సెన్సర్ పాడైందా’ అని గాలిలో తర్కించుకోవద్దు. ఆ తేడా వర్క్‌షాపులో తేలవలసినది.

ఎర్రదీపం ఆరిపోయినా స్విచ్ మళ్లీ వేయకండి. సెన్సర్ చూసేది బ్యాటరీ పెట్టె వేడిని, లోపలి సెల్ అంతకంటే వేడిగా ఉండవచ్చు. ఇక దిగడం విషయానికొస్తే, మాన్యువల్‌లో ‘యాజ్ సూన్ యాజ్ పాసిబుల్’ అని ఉంటే భద్రంగా దిగగలిగే అతి దగ్గరి ఖాళీ స్థలంలో, అది పొలమైనా సరే, ఆలస్యం లేకుండా దిగాలని భావం. ‘యాజ్ సూన్ యాజ్ ప్రాక్టికల్’ అని ఉన్నచోట మాత్రమే స్థలాన్నీ సమయాన్నీ మీరు ఎంచుకోవచ్చు. ఎర్రదీపానికి మొదటిదే వర్తిస్తుంది, కాబట్టి హ్యాంగర్ పది నిమిషాల దూరంలోనే ఉందన్న ఆశకు లొంగవద్దు.

సమాధానం (మెయింటెనెన్స్ ఇంజనీరు):
పై వివరణకు అత్యంత ముఖ్యమైన మాట ఒకటి చేర్చాలి. స్విచ్ ఆపారు సరే, బ్యాటరీని కలిపి విడదీసే రిలే నిజంగా తెరుచుకుందా? బ్యాటరీ అంతకుముందు ఎక్కువ కరెంటు లాగుతూ ఉంటే, స్విచ్ ఆపగానే జనరేటర్ మీది భారాన్ని చూపే లోడ్ మీటర్ ముల్లు దిగాలి. దిగకపోతే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి, స్విచ్ ఆపినా ఛార్జింగ్ సాగుతూనే ఉందేమోనని అనుమానించాలి. బెల్ 407 అనే మరో హెలికాప్టర్‌లో దీన్ని తెలపడానికే వేరే దీపం ఉంది. అది, ‘బ్యాటరీ హాట్’ దీపం రెండూ వెలిగితే జనరేటర్‌ను కూడా ఆపాలి. అప్పుడు పరికరాలన్నీ ఆ వేడెక్కిన బ్యాటరీ మీదనే నడుస్తాయి గనుక అవసరం లేనివన్నీ ఆపేసి వెంటనే దిగాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రిలే సంగతి నేను ఎక్కడా వినలేదు. బ్యాటరీ విడిపోయాక జనరేటర్ కూడా ట్రిప్ అయితే (తనంతట తాను ఆగిపోతే) ఏం చేయాలి? అసలు ఈ పరిస్థితి రాకుండా నేలమీదే చూసుకోగల జాగ్రత్త ఏదైనా ఉందా?

సమాధానం (పైలట్):
అప్పుడు రేడియోతో పాటు ఇంధనాన్ని ఇంజన్ వైపు నెట్టే రెండు ఫ్యూయల్ బూస్ట్ పంపులూ ఆగిపోతాయి. 206బిలో ఇంజన్‌తో తిరిగే పంపు తానే ఇంధనాన్ని లాగుకోగలదు కానీ, అందుకు 6,000 అడుగుల ప్రెషర్ ఆల్టిట్యూడ్ (గాలి ఒత్తిడిని బట్టి లెక్కించే ఎత్తు) కంటే దిగువన ఉండాలి. కాబట్టి బ్యాటరీ ఆపిన వెంటనే, రేడియో ఉండగానే మీ స్థానం చెప్పి, కిందికి రావడం మొదలుపెట్టండి.

సమాధానం (మెయింటెనెన్స్ ఇంజనీరు):
నేలమీద చూసుకోవలసినది స్టార్టింగే. ఎండలో నిలిపిన హెలికాప్టర్‌ను వరుసగా రెండు మూడుసార్లు స్టార్ట్ చేయబోతే బ్యాటరీ అప్పటికే కాగి ఉంటుంది, ఇంజన్ అందుకోగానే జనరేటర్ దాన్ని పెద్ద కరెంటుతో నింపడం మొదలుపెడుతుంది. వీలైనచోట గ్రౌండ్ పవర్ (స్టార్టింగ్‌కు బయటి నుంచి ఇచ్చే కరెంటు) వాడండి, ఛార్జింగ్ కరెంటు తగ్గుముఖం పట్టేదాకా పైకి లేవకండి. అరిజోనా అయినా, మే నెలలో రామగుండం అయినా ఇదే మాట.

దిగాక ఇంజన్ ఆపి, ప్రయాణికులను గాలి వచ్చే వైపుగా దూరం పంపండి. 206లో బ్యాటరీ ముక్కు భాగంలోనే ఉంటుంది. ఆత్రుతతో ఆ తలుపు తెరవవద్దు, కనెక్టరును చేతితో లాగవద్దు. లోపలున్న పొటాషియం హైడ్రాక్సైడ్ కళ్లనూ చర్మాన్నీ కాల్చేస్తుంది. అగ్నిమాపక సిబ్బందిని పిలిపించండి. ఆ బ్యాటరీతో మళ్లీ స్టార్ట్ చేయకూడదు. దాన్ని విప్పి, ఒక్కొక్క సెల్‌నూ పరీక్షించిన తరువాతే తిరిగి బిగించాలి.