వెబ్‌సాకెట్ల తాలూకు డేటా సర్వర్ మెమరీలోనే ఉంచాలా, బయట పెట్టాలా?

నీలిమేఘం:
మా చాట్ యాప్‌లో ప్రతి యూజర్‌కీ ఒక వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య రెండువైపులా మెసేజ్‌లు నడిచే కనెక్షన్) తెరిచి ఉంటుంది. ఎవరు ఏ రూమ్‌లో ఉన్నారు, ఎవరికి ఏ మెసేజ్ ఇంకా చేరలేదు అన్నదంతా ఆ సర్వర్ ప్రాసెస్ మెమరీలోనే పెట్టుకున్నాం. వచ్చే యూజర్లని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్ ఒక యూజర్‌ని ఎప్పుడూ ఒకే సర్వర్‌కి పంపుతుంది. టీమ్‌లో సగం మంది ఇది చాలంటున్నారు, మిగతావాళ్లు అంతా రెడిస్‌లోకి (సర్వర్లన్నీ పంచుకునేలా విడిగా నడిచే డేటా స్టోర్) మార్చేద్దామంటున్నారు. మీరేమంటారు?

చెట్టుకొమ్మ:
మెమరీలోనే ఉంచండి. సాకెట్ ఎలాగూ ఒక ప్రాసెస్‌కే అతుక్కుని ఉంటుంది, మరి దాని డేటా వేరేచోట ఎందుకు? ప్రతి మెసేజ్‌కీ నెట్‌వర్క్ దాటి వెళ్లి రావాలి, పైగా రెడిస్ పడితే చాట్ మొత్తం పడుతుంది. 2012లోనే వాట్సాప్ ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టింది. 65 వేల పోర్టులే (కనెక్షన్లకి వాడే నంబర్లు) ఉంటాయని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. వచ్చే కనెక్షన్లన్నీ సర్వర్‌లో ఒకే పోర్టుకి వస్తాయి, అవతలి ఐపీ, పోర్టు వేరైతే చాలు. ముందు ఫైల్ డిస్క్రిప్టర్ల (ఒక ప్రాసెస్ తెరిచి ఉంచే ఫైళ్లకీ సాకెట్లకీ ఇచ్చే నంబర్లు) పరిమితి చూసుకోండి, చాలా లినక్స్ మెషీన్లలో అది 1024 దగ్గరే ఉంటుంది.

రాత్రిపాళీ:
పోర్టుల సంగతి నిజమే, కానీ మధ్యలో ప్రాక్సీ (యూజర్ల కనెక్షన్లు తాను అందుకుని వెనకున్న సర్వర్‌కి, అంటే బ్యాకెండ్‌కి, పంపేది) ఉంటే లెక్క మారుతుంది. ప్రాక్సీ నుంచి ఒకే బ్యాకెండ్ చిరునామాకి వెళ్లడానికి లినక్స్ మామూలుగా ఇచ్చేది 28 వేల చిల్లర పోర్టులే.

అయినా అసలు సమస్య కెపాసిటీ కాదు. సాకెట్ ఎప్పుడు తెగుతుందో మన చేతిలో లేదు. బ్యాకెండ్ నుంచి 60 సెకన్లు ఏమీ రాకపోతే ఎంజిన్‌ఎక్స్ అనే ప్రాక్సీ డీఫాల్ట్‌గా కనెక్షన్ మూసేస్తుంది. అందుకని సర్వరే అంతకన్నా ముందు పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న సందేశం) పంపుతూ ఉండాలి, బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌కి పింగ్ పంపే వీలు లేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడు పాత కనెక్షన్ పోయిందని సర్వర్‌కి తెలియదు. మీరు సాకెట్‌లోకి రాస్తే ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే డేటా వెళ్లింది మన మెషీన్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కెర్నెల్ బఫర్‌లోకి మాత్రమే. మీ మెమరీలో 'చేరింది' అని గుర్తు పడుతుంది, అవతల మనిషికి ఏమీ రాలేదు. అవతలివైపు ఉందో లేదో ఆపరేటింగ్ సిస్టమే తట్టి చూసే టీసీపీ కీప్‌అలైవ్‌ని నమ్ముకుంటే, లినక్స్‌లో డీఫాల్ట్‌గా అది మొదటిసారి తట్టి చూసేది 2 గంటలకి.

ఇక కొత్త కోడ్ డిప్లాయ్ చేసిన ప్రతిసారీ ప్రాసెస్ పోతుంది, చేరని మెసేజ్‌ల జాబితా కూడా దాంతోనే పోతుంది.

చెట్టుకొమ్మ:
అందుకే కదా డ్రెయిన్ చేసేది? కొత్త కనెక్షన్లు ఆపేసి, పాతవి ముగిసేదాకా ఆగితే సరి.

రాత్రిపాళీ:
మామూలు రిక్వెస్టులైతే క్షణాల్లో ముగుస్తాయి. చాట్ సాకెట్ మాత్రం ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపూ ఉంటుంది, రోజంతా ఆగలేం కదా. 'సర్వర్ వెళ్లిపోతోంది' అని చెప్పే 1001 క్లోజ్ కోడ్ పంపి విడతలవారీగా తెంచండి. క్లయింట్ కూడా వెంటనే కాకుండా, రాండమ్‌గా కొంత ఆగి తిరిగి కనెక్ట్ కావాలి. లేదంటే అందరూ ఒక్కసారే లాగిన్ మీద పడి, అప్పుడే లేచిన సర్వర్‌ని మళ్లీ కూల్చేస్తారు.

వాగుదారి:
రెడిస్ అనేవాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి. అందులో మెసేజ్‌ని వినేవాళ్లందరికీ ప్రకటించే పబ్‌సబ్ ఏదీ దాచిపెట్టదు, ఆ క్షణంలో వింటున్నవాళ్లకే అందుతుంది. కొత్త మెసేజ్ వచ్చిందని మిగతా సర్వర్లకి చెప్పడానికి అది చాలు, అంతకుమించి దాని మీద భారం వేయొద్దు.

నేనైతే మెసేజ్‌లను రూమ్‌వారీగా వరుస నంబర్లతో డేటాబేస్‌లో పెడతాను. సాకెట్ తెగి మళ్లీ కలిసినప్పుడు క్లయింటే "నాకు 418 దాకా వచ్చాయి" అంటుంది, సర్వర్ 419 నుంచి పంపుతుంది. ఎవరికి ఏది చేరిందో సర్వర్ ఊహించుకునే పనే ఉండదు. సర్వర్ నుంచి బ్రౌజర్‌కి ఒకవైపే మెసేజ్‌లు పంపే సర్వర్ సెంట్ ఈవెంట్స్‌లో, తిరిగి కనెక్ట్ అయినప్పుడు బ్రౌజర్ చివరి ఈవెంట్ ఐడీ పంపేది కూడా ఇందుకే. ఎవరు ఏ రూమ్‌లో ఉన్నారన్నది మాత్రం మెమరీలోనే ఉండనివ్వండి.

చెట్టుకొమ్మ:
అంటే సగం నా మాటే ఒప్పుకున్నట్టు.

వాగుదారి:
ఆ సగం వరకు ఒప్పుకుంటాను. రూమ్ జాబితా పోయినా, యూజర్లు తిరిగి కనెక్ట్ కాగానే మళ్లీ తయారవుతుంది. మెసేజ్ పోతే మళ్లీ రాదు.

నీలిమేఘం:
ఇలా చేస్తే ఒకే సర్వర్‌కి పంపే స్టికీ సెటప్ తీసేయొచ్చా?

వాగుదారి:
తీసేయొచ్చు. వెబ్‌సాకెట్ తెరుచుకున్నాక అది ఒకే టీసీపీ కనెక్షన్, మధ్యలో ఇంకో సర్వర్‌కి వెళ్లదు. మీరు సాకెట్ ఐఓ లైబ్రరీ వాడుతూ లాంగ్ పోలింగ్ (వెబ్‌సాకెట్ బదులు వరుసగా విడివిడి రిక్వెస్టులు పంపే పద్ధతి) ఆన్‌లో ఉంచితే మాత్రం స్టికీ కావాలి. ముందు అది చెక్ చేసుకోండి.