అప్‌డేట్: ఫొటో తెరవగానే ఆగిపోయే ప్రోగ్రామ్ సంగతి తేలింది

పోయిన వారం అడిగాను కదా, మా ప్రోగ్రామ్ కొన్ని వెబ్‌పీ (ఒక రకం ఫొటో ఫార్మాట్) ఫొటోలు తెరవగానే ఆగిపోతోంది, తప్పు మా కోడ్‌దా, వాటిని చదవడానికి వాడే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీదా అని. మీరు చెప్పినట్టే మెమరీ తప్పుల్ని పట్టించే అడ్రస్‌శానిటైజర్ పెట్టి బిల్డ్ చేశాను. రుషికొండ బీచ్‌లో మా తమ్ముడు తీసిన ఫొటోలు వేస్తే రెండోదానికే దొరికింది: 'హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ'. అంటే, పని అయిపోయిందని వదిలేసిన (ఫ్రీ చేసేసిన) బఫర్‌నే, అదే మెమరీ ముక్కనే, చిన్న ఫొటోలు తయారుచేసే మా థంబ్‌నెయిల్ ఫంక్షన్ మళ్లీ చదువుతోంది. అనవసరంగా లైబ్రరీని తిట్టాను.

అలాగని లైబ్రరీ కూడా సుద్దపూసేం కాదు. మేం ఇన్నాళ్లూ వాడింది 1.2.4 వెర్షన్. 2023 సెప్టెంబరులో బయటపడ్డ సీవీఈ-2023-4863 అనే భద్రతా లోపం అందులో అలాగే ఉండిపోయింది. కావాలని చెడగొట్టిన ఫైల్ ఇస్తే, కుదించిన డేటాని విప్పడానికి వాడే హఫ్‌మన్ పట్టికలు కట్టేటప్పుడు బఫర్ హద్దు దాటి రాసేస్తుంది. 1.3.2లో సరిచేశారు. సర్వర్‌కి ఉబుంటు అప్‌డేట్లన్నీ వేశాం కదా అని ధీమాగా ఉన్నాం. స్టాటిక్ లింక్ చేసిన, అంటే మా ప్రోగ్రామ్‌లోనే కలిపేసిన లైబ్రరీని అవి ముట్టుకోవు మరి!

రెండూ సరిచేశాక నిన్న రాత్రి మధురవాడ ఆఫీసులో కూర్చుని మూడొందల ఫొటోలు తెరిచాను. ఒక్కసారీ ఆగలేదు. ఇలాంటి మెమరీ తప్పుల్ని చాలావరకు ముందే ఆపే రస్ట్ భాషలో తిరగరాయమన్నవారికి: ఉన్నది ఇద్దరమేనండీ, ఇప్పట్లో కుదరదు.