రివర్ బర్చ్ ఆకుల అంచున బారులు తీరిన లార్వాలు: ఇది ఏ రంపపు ఈగ?

ప్రశ్న:
న్యూజెర్సీలోని మా పెరట్లో కొత్తగా నాటిన రివర్ బర్చ్ చెట్టును ఆగస్టులో ఒక పురుగు పట్టింది. అంగుళానికి కాస్త తక్కువ పొడవున్న లార్వాలు ఆకు అంచున గుంపుగా చేరి, నడి ఈనె మాత్రం మిగిల్చి తక్కినదంతా తినేస్తున్నాయి. ఒళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ. పక్కల నల్లని మచ్చలు, నల్లని తల. కొమ్మ కదిలితే అన్నీ ఒక్కసారిగా తోకలు పైకెత్తుతాయి. ఇది ఏ జాతి? గొంగళి పురుగులకు వాడే బీటీ మందు (బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసేది) పనిచేస్తుందా?

మొదటి జవాబు:
ఈ వర్ణన డస్కీ బర్చ్ సాఫ్లై అనే రంపపు ఈగకు (కందిరీగలకు దగ్గరి కీటకం; శాస్త్రీయ నామం క్రీసస్ లాటిటార్సస్) చక్కగా సరిపోతుంది. గుంపుగా తినడం, తోక ఎత్తడం దీని ముఖ్య లక్షణాలు. ఐరోపాలో బర్చ్‌ను తినే క్రీసస్ సెప్టెంట్రియోనాలిస్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది కనుక, జాతిని నిర్ణయించేటప్పుడు చెట్టు ఉన్న ప్రాంతాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

రెండవ జవాబు:
రంగును బట్టే తేల్చేయకుండా, దయచేసి భూతద్దంతో పొట్ట కింది మెత్తని కాళ్లను లెక్కపెట్టండి. సీతాకోకచిలుకల, చిమ్మటల గొంగళి పురుగులకు అవి సాధారణంగా ఐదు జతలకు మించవు. రంపపు ఈగల లార్వాలకు సాధారణంగా ఆరు జతలు లేదా అంతకు మించి ఉంటాయి. క్రీసస్‌కు ఏడు జతలు. బర్చ్‌ను కూడా తినే ఎల్మ్ సాఫ్లైకి ఎనిమిది. అయితే అది ఒంటరిగా తింటుంది, చుట్టలా చుట్టుకుంటుంది, వీపు మీద నల్లని గీత ఉంటుంది. మన ఆవ పంటను తినే రంపపు ఈగ లార్వాకూ ఎనిమిది జతలే.

అడిగినవారు:
లెక్కపెట్టి చూశాను, ఏడు జతలున్నాయి. వీపు మీద గీత లేదు.

రెండవ జవాబు ఇచ్చినవారు:
అయితే క్రీసస్ అనే అభిప్రాయం బలపడింది. మీరు అడిగిన బీటీ మందు (కుర్స్టాకి అనే రకం) గొంగళి పురుగుల మీదే పనిచేస్తుంది కనుక దానికి డబ్బు పెట్టకండి. గుంపులున్న కొమ్మలను సబ్బు నీళ్ల బకెట్‌లోకి దులిపితే చాలు. లేత చెట్టు కనుక ఆలస్యం చేయవద్దు. పూర్తిగా నిర్ధారించుకోవాలంటే కొన్నింటిని తడి మట్టి వేసిన సీసాలో ఆకులతో పెంచండి. అవి మట్టిలో గూడు కట్టుకుంటాయి, కానీ ఈ కాలపు లార్వాలు చలికాలమంతా అందులోనే ఉండిపోవచ్చు కనుక సీసాను చలి తగిలే చోటే ఉంచాలి. వసంతంలో వెలువడిన ఈగ వెనక కాలి పాదంలో మొదటి కణుపు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటే అది క్రీసస్సే.