మన అలవాట్లు తెలిసిన ప్రకటన మనకు మేలు చేస్తోందా?

తూనికరాయి:
వెబ్‌లో తొలి బ్యానర్ ప్రకటనలు 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైటులో వచ్చాయి. వాటిలో ఏటీ అండ్ టీ ఇచ్చినది బాగా పేరు తెచ్చుకుంది. పేజీ ఎవరు తెరిచినా ప్రకటన మాత్రం అదే. ఆ ఏడాదే నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీని, అంటే సైటు మన కంప్యూటర్‌లో దాచే చిన్న ఫైలును, తయారుచేశారు. బుట్టలో వేసుకున్న వస్తువులు తర్వాతి పేజీకి వెళ్లేసరికి మాయం కాకుండా చూడటం దాని తొలి ప్రయోజనాల్లో ఒకటి. ఆ చిన్న ఫైలే క్రమంగా మనిషి వెంట సైటు నుంచి సైటుకు తిరగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పేజీ పూర్తిగా తెరుచుకునేలోపే, ఇంచుమించు సెకనులో పదో వంతు సమయంలో, అందులోని ప్రకటన స్థలం వేలానికి వెళ్తోంది. పాట పాడేవారికి ఆ పేజీ చూస్తున్న మనిషి వివరాలు కొన్ని అందుతాయి: ఏ ఫోను వాడుతున్నారు, ఏ ప్రాంతంలో ఉన్నారు, ఇంతకుముందు ఏం చూశారు, ఏది కొనబోయి ఆగిపోయారు. పాట దక్కినవారి ప్రకటన మన కంటి ముందుకు వస్తుంది. ఈ వ్యవహారం మొత్తంలో ఏం జరిగిందో తెలియనిది ఆ ప్రకటన చూసిన మనిషికే.

దీనివల్ల వినియోగదారుకు నష్టమేనని నా వాదన. ప్రకటన చూపించడంతో పని ఆగడం లేదు. చూసిన క్షణం నుంచి డబ్బు కట్టే క్షణం దాకా ఉన్న దారినంతా నున్నగా చెక్కారు. ఒక్క క్లిక్కుతో కొనే పద్ధతి మీద అమెజాన్‌కు అమెరికాలో 1999లో పేటెంటు దక్కింది, 2017 దాకా అది అమల్లో ఉంది. కొనేముందు 'నిజంగా ఇది కావాలా' అని ఆగే ఆ కాసేపటిని తీసేయడానికి వ్యాపారులు ఎంత విలువ కడుతున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది. కాదనేవారు కారణాలతో కాదనండి.

ఎడమచెయ్యి:
నేను కాదంటాను. ఎడమచేతి వాటం ఉన్నవారికి కత్తెరలు, చేతి పనిముట్లు తయారుచేసి అమ్ముతాను. మామూలు కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే పైన ఉండే బ్లేడు గీసుకున్న గీతను కప్పేస్తుంది. వేళ్ల ఒత్తిడికి రెండు బ్లేడులూ దగ్గరపడాల్సింది పోయి దూరం జరుగుతాయి. గుడ్డ తెగదు, మధ్యలో మడతపడి ఇరుక్కుంటుంది. చిన్నప్పటి నుంచి ఇలా ఇబ్బందిపడిన వారిలో చాలామంది లోపం తమ చేతిలోనే ఉందనుకుంటారు.

ఎడమచేతి వాటం వారు జనాభాలో ఇంచుమించు పదో వంతు. పత్రికలో ప్రకటన వేస్తే చదివేవారిలో పదింట తొమ్మిదిమందికి నా వస్తువుతో పనే లేదు. అయినా వారందరికీ కలిపి డబ్బు కట్టాలి. పెద్ద సంస్థలకు అది లెక్కలోది కాదు, నాలాంటివారికి కుదిరే పని కాదు. ఎవరికి అవసరమో వారికే చూపించే వీలు వచ్చాకే నా దుకాణం నిలబడింది. తూనికరాయి గారు చెప్పిన ఆ వేలంలో నేనూ పాట పాడతాను. దాన్ని మూసేస్తే మిగిలేది అందరికీ కనిపించేంత ప్రకటన కొనగల పెద్దవాళ్లే.

పాతపుటలు:
ఇందులో కొత్తదనం ఎంత? నూరేళ్ల కిందటే తపాలా ద్వారా సరుకు అమ్మేవారు పత్రికల్లో కూపన్లు వేసేవారు. ఏ పత్రికలో వేస్తే ఆ పత్రిక గుర్తు కూపన్ మీద ఉండేది. ఏ ప్రకటనకు ఎన్ని జవాబులు వచ్చాయో అలా లెక్కగట్టేవారు. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్ సంస్థ 1995లో క్లబ్‌కార్డు అనే సభ్యత్వ కార్డు తెచ్చి ఎవరు ఏం కొంటున్నారో నమోదు చేసింది. వ్యాపారి కొనుగోలుదారును గమనించడం ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడు వేగం పెరిగింది.

తూనికరాయి:
పాతపుటలు గారూ, ఆ కూపన్‌ను పాఠకుడే కత్తిరించి, తన చేత్తో చిరునామా రాసి, తపాలాలో వేసేవాడు. తానేం ఇస్తున్నాడో, ఎవరికి ఇస్తున్నాడో తెలిసి చేసిన పని అది. క్లబ్‌కార్డుకు కూడా మనమే పేరు రాసి ఇవ్వాలి. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడినప్పుడు 8.7 కోట్ల మంది దాకా వివరాలు ఒక క్విజ్ యాప్ ద్వారా అక్రమంగా ఆ సంస్థ చేతికి వెళ్లి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. వారిలో అత్యధికులు ఆ క్విజ్ యాప్‌ను ఎన్నడూ తెరవలేదు. స్నేహితులెవరో తెరిచారు, అంతే. దీన్ని కూపన్‌తో ఎలా పోలుస్తారు?

లెక్కలమనిషి:
ప్రకటనల ఫలితాలు కొలిచే పనిలో చాలాకాలం ఉన్నాను. మేలా కీడా అనేముందు, ఇదంతా అసలు పనిచేస్తోందా అని అడగాలి.

2012లో ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఒక ప్రయోగం చేసింది. ఎవరైనా గూగుల్ వంటి చోట ఈబే పేరుతోనే వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనకు సంస్థ డబ్బు కట్టేది. కొన్నిచోట్ల ఆ ప్రకటన ఆపి చూశారు. రావాల్సినవారు దాదాపు అందరూ వచ్చారు. ప్రకటన లేకపోయేసరికి దాని కిందనే ఉన్న ఉచిత లింకు నొక్కి వచ్చారు. అంటే అన్నాళ్లూ ఎలాగూ వచ్చేవారినే 'ప్రకటన తెచ్చిన కొనుగోలుదారులు'గా లెక్కేసుకున్నారు. థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ అనే ఆర్థికవేత్తలు ఈ ఫలితాలను 2015లో ప్రచురించారు. ప్రోక్టర్ అండ్ గాంబుల్ 2017లో ఒకే త్రైమాసికంలో 10 కోట్ల డాలర్లకు పైగా డిజిటల్ ప్రకటనల ఖర్చు తగ్గించింది, అమ్మకాలకు దెబ్బేమీ తగల్లేదని ప్రకటించింది.

'ప్రకటన నొక్కాడు, తర్వాత కొన్నాడు' అన్న నివేదిక చూసి, నొక్కడం వల్లే కొన్నాడని నమ్మడం ఈ రంగంలో అందరికీ అలవాటైపోయింది. ఆ నమ్మకం మీదే ఇంత నిఘా నిలబడి ఉంది.

ఎడమచెయ్యి గారికి ఒక మాట. ఎవరైనా 'ఎడమచేతి కత్తెర' అని వెతికినప్పుడు మీ ప్రకటన చూపించడానికి వారి గతంతో పనేముంది? వారు టైపు చేసిన మాట చాలు. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ అనే ప్రకటనల సేవ మొదలుపెట్టింది ఆ పద్ధతిలోనే.

ఎడమచెయ్యి:
మీరు చెప్పిన ఈబే అధ్యయనంలోనే ఇంకో సగం ఉంది, లెక్కలమనిషి గారూ. తరచూ కొనేవారి మీద ప్రకటనలు పనిచేయలేదు. సైటుకు కొత్తగా వచ్చేవారి మీద, ఎప్పుడో ఒకసారి కొనేవారి మీద పనిచేశాయి. ఈబే అందరికీ తెలిసిన పేరు కాబట్టి ఆ డబ్బు దండగైంది. నా పేరు ఎవరికీ తెలియదు. నా దగ్గరికి వచ్చే ప్రతివారూ కొత్తవారే.

ఇక వెతికేవారికి చూపించమంటున్నారు. అలాంటి కత్తెర ఒకటి ఉందని తెలిస్తే కదా వెతకడం! తమ చేతిలోనే లోపం ఉందనుకునే మనిషి ఏ మాట టైపు చేస్తాడు? అతను ఏ బృందాల్లో ఉన్నాడో, ఎలాంటి వీడియోలు చూస్తున్నాడో తెలిస్తేనే నా ప్రకటన అతన్ని చేరుతుంది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఫోన్లలో 'ఈ యాప్ మిమ్మల్ని గమనించవచ్చా' అని అడగడం తప్పనిసరి చేసింది. దానివల్ల 2022లో వెయ్యి కోట్ల డాలర్ల ఆదాయం పోవచ్చని ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా అంచనా వేసింది. ఆ వార్త చదివి చాలామంది సంతోషించారు. ఆ దెబ్బ మెటా దగ్గర ఆగలేదు. నాలాంటి వారందరి ప్రకటనలూ మళ్లీ గుడ్డిగా తిరగడం మొదలుపెట్టాయి.

మందారం:
నేను ఏదీ అమ్మను, కొంటాను. మీ అందరి మాటల్లోనూ వినియోగదారు ఏమీ తెలియని అమాయకుడిలా కనిపిస్తున్నాడు, నాకు అది నచ్చలేదు. ఇంతకుముందు అమ్మేవాడి మాట తప్ప నాకు ఆధారం ఉండేది కాదు. ఇప్పుడు ఏది కొనాలన్నా ముందు మూడు నక్షత్రాల సమీక్షలు చదువుతాను. ఐదు ఇచ్చినవారు 'అద్భుతం' అని ఊరుకుంటారు, ఒకటి ఇచ్చినవారు చాలాసార్లు సరుకు ఆలస్యంగా వచ్చిందన్న కోపంలో ఉంటారు. మూడు ఇచ్చినవారు మాత్రం 'మోటారు బాగుంది, మూత బిగుసుకుపోతుంది, చేతుల్లో బలం లేనివారు తీసుకోకండి' అని రాస్తారు. ఏ ప్రకటనా నాకు ఆ మాట చెప్పదు.

అమెరికాలోని సియాటెల్‌లో రెస్టారెంట్ల మీద మైఖేల్ లూకా అనే పరిశోధకుడు 2011లో చేసిన పరిశీలన ఒకటి ఉంది. యెల్ప్ అనే సమీక్షల సైటులో ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది, అదీ సొంతంగా నడిచేవాటికే. ఊరూరా శాఖలున్న పెద్ద పేర్లకు ఆ తేడా కనిపించలేదు. పేరును చూసి కొనే అలవాటు సడలి, తోటి కొనుగోలుదారు మాట చూసి కొనే అలవాటు వచ్చిందని దీని అర్థం. ఎడమచెయ్యి గారికి నిజమైన బలం ఇక్కడుంది, వేలంలో లేదు.

లెక్కలమనిషి:
ఆ బలానికే చెద పట్టింది, మందారం గారూ. నక్షత్రానికి అంత విలువ ఉందని తెలిశాక దాన్నే అమ్మేవారు పుట్టుకొచ్చారు. డబ్బిచ్చి రాయించిన సమీక్షలు ఎంత పెరిగాయంటే అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాటిని నిషేధిస్తూ ప్రత్యేకంగా ఒక నియమం తేవాల్సి వచ్చింది, అది 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మీరు మూడు నక్షత్రాలవి చదవడం తెలివైన పనే, కానీ సమీక్షలు అమ్మేవారికీ ఆ సంగతి తెలుసు.

తూనికరాయి:
మందారం గారు అన్నది ఒప్పుకుంటున్నాను: కొనేముందు మన చేతిలో ఉన్న సమాచారం పెరిగింది. నా ఆందోళన కొన్న తర్వాతి సంగతి. ఒక సంస్థ చందా రద్దు చేయబోయాను, పేరు అనవసరం. చేరడానికి ఒక్క మీట నొక్కితే సరిపోయింది. రద్దు కోసం వెళ్తే 'ఖాతా' లోపల 'సభ్యత్వం', దాని లోపల 'ఇతర ఎంపికలు'. అక్కడ 'కొనసాగండి' అన్నది నిండు రంగులో, వేలికి అందేంత పెద్దగా ఉంది. 'వద్దు' అన్నది కింద బూడిద రంగు అక్షరాల్లో, మీటలా కాకుండా మామూలు వాక్యంలా ఉంది. అది నొక్కితే కారణం అడిగారు. కారణం చెబితే తగ్గింపు ధర చూపించారు. అదీ వద్దంటే 'మీ నిర్ణయం నమోదైంది' అన్న పేజీ వచ్చింది, దాని అడుగున మళ్లీ 'ధ్రువీకరించండి' ఉంది. పైవాక్యం చదివి ఫోను పక్కన పెట్టేసినవారికి చందా సాగుతూనే ఉంటుంది.

హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లో ఇలాంటివాటికి డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టారు. అమెజాన్ వారి చందా సేవ ప్రైమ్ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో వేసిన దావా కూడా ఇదే విషయం మీద. అందులోని ఆరోపణల ప్రకారం రద్దు ప్రక్రియకు సంస్థ లోపల 'ఇలియడ్' అని పేరు, అంటే ఆ సుదీర్ఘమైన గ్రీకు యుద్ధకావ్యం పేరు. 2025 సెప్టెంబరులో అమెజాన్ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వాల్సినవి.

దీనికి మందు లేకపోలేదు. జర్మనీలో 2022 జూలై నుంచి, ఆన్‌లైన్‌లో చందా తీసుకునే వీలుంటే రద్దుకు కూడా అక్కడే స్పష్టమైన మీట ఉండాలన్నది చట్టం. యూరోపియన్ యూనియన్‌లో ఆ ఏడాది మే నుంచి, తగ్గింపు ధర చూపించే ప్రతి వ్యాపారీ అంతకుముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరను కూడా చెప్పాలి. నిన్న పెంచి ఇవాళ తగ్గించినట్టు చూపే పండుగ తగ్గింపు ఇక చెల్లదు. నేను అడుగుతున్నది ఇలాంటి నియమాలనే: కొనడం ఎంత తేలికో మానుకోవడమూ అంత తేలిక కావాలి, మన వివరాలు తీసుకునేముందు అడగాలి, కాదంటే సేవ ఆపకూడదు.

పాతపుటలు:
నియమాలు వస్తే పెద్ద సంస్థలు లాయర్లను పెట్టుకుంటాయి, చిన్నవాళ్లు నలుగుతారు. 2018 మేలో యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి సామాన్యుడికి దక్కిందేమిటి? ప్రతి సైటులోనూ ఓ కుకీ పెట్టె, చదవకుండా నొక్కే 'అంగీకరిస్తున్నాను'.

మందారం:
నేను చదివే నొక్కుతాను. 'తిరస్కరించు' మీట కనపడని సైటును వదిలేస్తాను. ఆ పెట్టె లేకముందు నాకు ఆ అవకాశమే లేదు.

ఎడమచెయ్యి:
రద్దు మీట గురించీ, 30 రోజుల ధర గురించీ నాకు అభ్యంతరం లేదు. నా సైటులో చందాలే లేవు, ఉన్నా దాచాల్సిన పని నాకు లేదు. లాయరును పెట్టుకోవాల్సినంత కష్టమైన నియమాలు కూడా కావవి, పాతపుటలు గారూ. వాటివల్ల నలిగేది మోసం మీద బతికేవారే.

వివరాలు అడిగి తీసుకోవాలన్న మాట దగ్గరే నాకు పేచీ. అడగడం తప్పని కాదు, అడిగే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది నా ప్రశ్న. థర్డ్ పార్టీ కుకీలను, అంటే మనం చూస్తున్న సైటు కాకుండా వేరేవారు పెట్టే కుకీలను, రెండేళ్లలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. ఆ మాట నమ్మి మాలాంటివారం పద్ధతులు మార్చుకునే పనిలో పడ్డాం. 2024 జూలైలో ఆ ఆలోచనే విరమించుకుంది. ఆపిల్ పెట్టిన అనుమతి పెట్టె తీరు ఇతర సంస్థలకు అన్యాయంగా ఉందని, తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని ఫ్రాన్స్‌లోని పోటీ నియంత్రణ సంస్థ 2025 మార్చిలో ఆపిల్‌కు 15 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆపిల్ కూడా తన యాప్ స్టోర్‌లో ప్రకటనలు అమ్ముకుంటుంది. ప్రకటనలు అమ్మే సంస్థే ప్రకటనల నియమాలు రాస్తుంటే, అది గోప్యత కోసమా, పోటీదారును దెబ్బతీయడం కోసమా అన్నది నాకెలా తెలుస్తుంది?

అడిగే నియమం చట్టసభ నుంచి రానివ్వండి. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే వాక్యం, ఒకే అమరిక ఉండాలి. అప్పుడు ఎక్కువమంది 'వద్దు' అంటే ఆ నష్టం భరిస్తాను, కత్తెరల గురించి తెలియజేయడానికి వేరే దారి వెతుక్కుంటాను. రెండు మూడు సంస్థలు తమ ఇష్టం వచ్చినప్పుడు పెట్టి ఇష్టం వచ్చినప్పుడు తీసేసే నియమాలను మాత్రం వినియోగదారు రక్షణ అని ఒప్పుకోను.

తూనికరాయి:
చట్టసభ నుంచే రావాలన్నదానిలో మీతో ఏకీభవిస్తాను. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వనివారి సంగతి మాత్రం తేలలేదు. మౌనంగా ఉన్నవారిని 'వద్దు' అన్నట్టు లెక్కించాలని నేనంటాను. మీరేమంటారు?

ఎడమచెయ్యి:
పిల్లల విషయంలో అలాగే లెక్కించాలి, అందులో వాదన లేదు. పెద్దవారి విషయంలో ఒప్పుకోను. వారిని ఏడాదికోసారి మళ్లీ అడగనివ్వండి.